ఏ గోడ ఎందుకు కట్టాం?

మదనపల్లె బస్టాండులో పుంగనూరు పల్లెవెలుగు ఎక్కితే ముందు వరుస సీట్ల పైన ‘స్త్రీలకు’ అని రాసి ఉంటుంది. ఆ సీట్లో కూర్చున్న మగవాణ్ని లేపడానికి చంకలో పిల్లతో నిలబడ్డ తల్లి నోరు చేసుకోవలసి వచ్చిన రోజులు మా చిన్నతనంలో చాలా చూశాం. చివరికి కండక్టరు కలగజేసుకునేవాడు. ఆ అక్షరాలు ఎవరి దయతోనో వచ్చినవి కావు. కిక్కిరిసిన బస్సులో ఆడవాళ్లు పడ్డ ఇబ్బంది వాటిని రాయించింది.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీశక్తి’ పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో బాలికలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తాడు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలోనూ ఇదే ఏర్పాటు. ఆడవాళ్ల కోసం తెరిచిన తలుపులోంచి ట్రాన్స్ మహిళలూ లోపలికి వచ్చారు. మంచి పని జరిగిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

అయితే అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ఇప్పుడు వినిపించే ప్రశ్న ఇంతకంటే కష్టమైనది. బస్సులో సరే, పరుగు పందెంలోనో? దుస్తులు మార్చుకునే గదిలోనో? హాస్టల్లోనో? ఒకచోట అవునంటే అన్నిచోట్లా అవునేనని ఒక పక్షం, ఒకచోట కాదంటే అన్నిచోట్లా కాదనే ఇంకో పక్షం. ఈ రెంటి మధ్య మన పిల్లలు నలిగిపోతున్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆడవాళ్ల కోసం కట్టిన ప్రతి గోడకూ ఒక కారణం ఉంది. ముందు ఆ కారణం అడగాలి. అది తెలిస్తే తలుపు ఎవరికి, ఎంతవరకు తెరవాలో చాలావరకు తేలుతుంది.

గంగమ్మ సీమలో

మాది గంగమ్మల సీమ. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర కథ మా ఇళ్లలో అందరికీ తెలుసు. కంటబడిన ఆడపిల్లనల్లా చెరబట్టే పాలెగాడు ఒకడుండేవాడు. వాణ్ని మట్టుబెట్టడానికి గంగమ్మ పుట్టింది. ప్రాణభయంతో దాక్కున్నవాణ్ని బయటికి రప్పించడానికి రోజుకో వేషం వేసింది. అందుకే జాతరలో మగవాళ్లు మొక్కు చెల్లించుకోవడానికి చీర కట్టి, పూలు ముడిచి, గాజులు వేసుకుంటారు.

ఆడవాళ్ల భద్రత కోసం పుట్టిన దేవత, చీర కట్టిన మగవాడు, ఇద్దరూ ఒకే జాతరలో ఉన్నారు. మన సంస్కృతికి ఈ రెండూ కొత్త కాదు. ఒక తేడా మాత్రం మరచిపోకూడదు. జాతర వేషం మొక్కు తీరగానే విప్పేస్తారు. ట్రాన్స్ మహిళ బతుకు వేషం కాదు, పొద్దు గూకితే విప్పి దండెం మీద వేసేది కాదు. వేషానికి దండం పెట్టిన ఊరే ఆ బతుకును ఇంట్లోంచి గెంటేసింది. మా బడి రోజుల్లో వాళ్లను పిలిచిన మాటను ఇక్కడ రాయలేను. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మదనపల్లెలో ఒక ఐరిష్ వనిత

ఆడవాళ్లకు విడిగా ఒక చోటు ఎందుకు కావలసి వచ్చిందో మదనపల్లె చరిత్రే చెబుతుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి థియసాఫికల్ కళాశాలకు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారని గర్వంగా చెప్పుకుంటాం. ఆ పాటకు బాణీ కుదిర్చిన మార్గరెట్ కజిన్స్ గురించి అంతగా చెప్పుకోం. ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లిన ఐర్లండ్ వనిత ఆమె. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి భారతదేశం వచ్చి మదనపల్లెలో కాపురం పెట్టారు. 1917లో అనీబిసెంట్, డొరతీ జినరాజదాసలతో కలిసి మహిళా భారత సంఘం స్థాపించారు. అదే ఏడు డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఓటు హక్కు అడిగింది. ఆ ప్రయత్నం వెనక ఉన్నది కజిన్సే. 1927లో అఖిల భారత మహిళా సభకూ ఆమే ఆద్యురాలు.

మగవాళ్లు కూర్చున్న సభలో ఆడవాళ్లు నోరు విప్పలేని కాలం అది. తమవంటూ ఒక గది ఉంటేనే మాట పెగిలేది. తరవాత వచ్చిన మహిళా కళాశాలలు, హాస్టళ్లు, పొదుపు సంఘాలు అన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే. బడిలో మరుగుదొడ్డి లేక, పెద్దమనిషి కాగానే చదువు మానేసిన ఆడపిల్లలు మా ఊళ్లలో ప్రతి వీధిలోనూ ఉండేవారు. కాబట్టి ‘మా గది మాకు ఉండనివ్వండి’ అని ఒక స్త్రీ అంటే దాన్ని ద్వేషంగా కొట్టిపారేయడం అన్యాయం. ఆ మాట వెనక వందేళ్ల అనుభవం ఉంది.

చట్టం ఎంత దూరం వచ్చింది?

2011 జనగణనలో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’గా నమోదైనవారు దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు, తన లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు ఎవరికి వారిదేనని తీర్పు ఇచ్చింది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమలైంది.

హైదరాబాద్‌ది ఇంకో కథ. ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చనే నిజాం కాలపు చట్టం 1919 నుంచి పుస్తకాల్లో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఇచ్చిన తీర్పు మరో మెట్టు. పిల్లల్ని కనలేదన్న కారణంతో ట్రాన్స్ మహిళను స్త్రీ కాదనలేమని, అత్తింటి వేధింపులపై 498ఏ సెక్షన్ కింద ఆమె ఫిర్యాదు చేయవచ్చని న్యాయమూర్తి అన్నారు. ఆ కేసులో మాత్రం ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని విచారణను రద్దు చేశారు.

ఇంత జరిగినా ఒక లోటు ఉంది. స్త్రీపై అత్యాచారానికి మన శిక్షాస్మృతిలో కనీస శిక్ష పదేళ్లు. 2019 చట్టం కింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఒంటరిగా నడిచే దారిలో ఇద్దరి భయమూ ఒకటే. చట్టం వేసిన తూకం మాత్రం వేరు.

ఒక్కో గోడ, ఒక్కో కారణం

బస్సు టికెట్టు, పింఛను ఎందుకు పెట్టారు? చేతిలో డబ్బు లేక, ఇంటి అండ లేక ఆగిపోయినవాళ్లను కదిలించడానికి. ఆ కారణం ట్రాన్స్ మహిళకు రెండింతలు వర్తిస్తుంది. కుప్పం ఎమ్మెల్యే అయిన చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా 2017 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛను ఆమోదించింది. 2024 నుంచి అది 4,000 రూపాయలు. దీనివల్ల ఏ మహిళ వాటా తగ్గలేదు. ఇక్కడ తలుపు బార్లా తెరవాలి.

మరుగుదొడ్డికి కారణం మరుగు, భద్రత. స్వచ్ఛభారత్ కింద 2017లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమకు నచ్చిన మరుగుదొడ్డి వాడుకోవచ్చన్నాయి. నల్సా తీర్పు వాళ్లకు ప్రత్యేక మరుగుదొడ్లు కట్టమని కూడా చెప్పింది. పేచీ వచ్చేది గోడలు పొట్టిగా, గడియలు విరిగి, దీపం లేనిచోట. నిండుగా తలుపు, లోపల గడియ, బయట వెలుతురు ఉన్న ఒంటరి గదులు కట్టినచోట ఎవరూ ఎవరికీ భయపడనక్కర్లేదు. హార్స్‌లీ హిల్స్ లాంటి పర్యాటక స్థలంలో కొత్త కట్టడం లేపేటప్పుడు ఇది పెద్ద ఖర్చు కాదు.

హాస్టలు, జైలు ఇంకా సున్నితం. అక్కడ మనిషి రాత్రి నిద్రపోవాలి, తలుపు తాళం మరొకరి చేతిలో ఉంటుంది. ట్రాన్స్‌జెండర్ ఖైదీల గురించి 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పంపిన సలహా పత్రం విడి గదులు, విడి స్నానపు వసతి ఉండాలంటూనే, అది వాళ్లను వెలివేసినట్టు కాకూడదంది. ఆడఖైదీల భయాన్నీ, మగఖైదీల మధ్య ట్రాన్స్ మహిళకు ఉండే ముప్పునూ కలిపి చూసిన పద్ధతి అది. నాకు సబబుగా తోచింది.

నాలుగు పాయింట్లు

ఆటల గోడకు కారణం వేరు. అది కట్టింది సిగ్గు కోసమో భయం కోసమో కాదు, శరీరం కోసం. వంద మీటర్ల పురుషుల ప్రపంచ రికార్డు 9.58 సెకన్లు, మహిళలది 10.49. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ మగపిల్లల ఎత్తు, ఎముక, కండ, గుండెల శక్తిని మార్చేస్తుంది. తరవాత మందులతో ఆ హార్మోన్ తగ్గిస్తే రక్తంలో హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే స్త్రీల స్థాయికి దిగుతుంది. కండబలం ఏడాది గడిచినా కొద్దిగానే తగ్గుతుంది. ఎముకల పొడవు మారదు. ట్రాన్స్ క్రీడాకారిణులపై నేరుగా జరిగిన అధ్యయనాలు తక్కువనీ, పోటీల్లోకి వచ్చేవాళ్లే బహుకొద్దిమందనీ ఎదుటి పక్షం అంటుంది. రెండూ నిజమే. అయినా ఫైనల్‌లో ఉండేది ఎనిమిది వరుసలే. పతకాలు మూడే. అందుకే మగ యుక్తవయసు దాటినవారు మహిళల పోటీల్లో ఉండరాదని ప్రపంచ అథ్లెటిక్స్ 2023 మార్చిలో, అంతర్జాతీయ క్రికెట్ మండలి అదే ఏడు నవంబరులో నిర్ణయించాయి. ఉన్నతస్థాయి పోటీల వరకు ఆ నిర్ణయం న్యాయమనే నా అభిప్రాయం.

కానీ ఆ గోడకు కాపలా కాసే తీరు చాలా ముఖ్యం. అది మన తెలుగమ్మాయికే అనుభవమైంది. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అగసర నందిని హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. తండ్రి టీ అమ్మి ఇల్లు నడిపేవారు. ఆమె చదివింది తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో. నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో నిలిచిన సహచర క్రీడాకారిణి స్వప్న బర్మన్, తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్‌కు పోయిందని సామాజిక మాధ్యమంలో రాసింది. ఆధారం ఏదీ చూపలేదు. తరవాత ఆ రాత తొలగించి క్షమాపణ చెప్పింది. ఈలోగా ఇరవై ఏళ్ల పిల్ల పతకం మెడలో వేసుకుని తాను ఆడపిల్లనేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

నందినికి శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్‌కు ఈ బాధ కొత్త కాదు. ఆయన దగ్గరే హైదరాబాదులో పరిగెత్తిన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను, పుట్టుకతో ఉన్న హార్మోన్ ఎక్కువైందని 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల ముందు జట్టు నుంచి తీసేశారు. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు, అప్పుడు ఏ మందూ వాడలేదు. అందరూ మొహం చాటేసిన రోజుల్లో పుల్లెల గోపీచంద్ తన అకాడమీలో చోటిచ్చారు. 2015 జులైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనను నిలిపేసింది. 2018 ఆసియా క్రీడల్లో ద్యుతీ రెండు రజతాలు తెచ్చింది.

అంటే గోడ కట్టింది ఆడపిల్లల కోసం, అనుమానపు చూపు పడుతున్నదీ ఆడపిల్లల మీదే. పొట్టి జుట్టు, నల్లటి ఒళ్లు, బలమైన భుజాలు, పేదిల్లు ఉంటే మరీనూ. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది స్త్రీలను పరీక్షిస్తే ఎనిమిది మందికి తేడా కనిపించింది. చివరికి అందర్నీ ఆడనిచ్చారు. 1999లో ఒలింపిక్ సంఘం ఆ పరీక్షలే మానేసింది. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ జన్యు పరీక్షను మళ్లీ తెచ్చింది. బుగ్గ లోపలినుంచి తీసిన నమూనాతో జీవితంలో ఒక్కసారి చేస్తే చాలంటున్నారు. చేయాల్సిందే అయితే అది వైద్యుడికీ ఆ అమ్మాయికీ మధ్యనే ఉండాలి. ఫలితం పత్రికలకెక్కకూడదు. పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉండాలి.

గోడ బయట ఉండిపోయిన ట్రాన్స్ క్రీడాకారులకూ మైదానం కావాలి. 2017లో కేరళ రాష్ట్రం వాళ్లకు ప్రత్యేక క్రీడోత్సవం జరిపింది. 2023లో బెర్లిన్‌లో ఈతపోటీలకు అందరికీ తెరిచిన విభాగం పెడితే ఒక్కరూ పేరు ఇవ్వలేదు. పిలుపు ఒక్కటీ చాలదు, శిక్షణ, జట్టు, తోడు కావాలి. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు గోషామహల్‌లో ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు వాళ్లలో వాళ్లకే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టి ట్రాఫిక్ సహాయకులుగా ఉద్యోగాలిచ్చారు. ఆటకు ఉద్యోగం తోడైతే మైదానానికి మనుషులు వస్తారు.

మన సంఘాల ముంగిట్లో

2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో కళాశాలల ఆటల్లో నియమాలు మారాయి. అదే ఏడు ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు సమానత్వ చట్టంలో స్త్రీ అంటే జీవశాస్త్రపరంగా స్త్రీ అని తేల్చింది, ట్రాన్స్ వ్యక్తులను వివక్షనుంచి కాపాడే నిబంధన అలాగే ఉందనీ చెప్పింది. ఈ నిర్ణయాల గాలి అక్కడి మన తెలుగు సంఘాల త్రోబాల్, బ్యాడ్మింటన్ పోటీలకూ తగులుతుంది. యుక్తవయసు రాని పిల్లల్ని కలిపే ఆడించవచ్చు. సరదా పోటీల్లో స్నేహానికే పెద్దపీట వేయవచ్చు. కప్పు, ఎంపిక, ఉపకారవేతనం ముడిపడ్డ పోటీలో నియమం ముందే రాసి పెట్టాలి. ఏ అమ్మాయినీ పదిమందిలో రుజువు అడగకూడదు. మన ఇళ్లలో ట్రాన్స్ బిడ్డ ఉంటే, ఆ బిడ్డ మన బతుకమ్మకూ ఉగాదికీ రావడానికి ఏ నియమమూ అడ్డు రాకూడదు.

1917లో మాంటేగు ముందు నిలబడ్డ స్త్రీలు తమ తరఫున మగవాళ్లను పంపలేదు. తామే వెళ్లారు. అందుకని నియమావళి రాసే సాయంత్రం ఆ బల్ల దగ్గర ఆడే అమ్మాయిలూ ఉండాలి, ట్రాన్స్ సభ్యులూ ఉండాలి. మేం పెద్దలం టీలు అందిస్తూ వింటాం.