సెకనులో వందో వంతు ఎంత పొడవు?

బెత్తెడు, అడుగు, మూర, గజం. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇళ్లకు ఈ కొలతల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మంచుకొండ మీంచి దూసుకొచ్చే డౌన్‌హిల్ స్కీ పోటీలను టీవీలో చూసేటప్పుడు తెర మూలన కనిపించే 0.01 మాత్రం ఎవరికీ ఓ పట్టాన అందదు. దాన్ని ఈ కొలతల్లోకి దించి చూద్దాం.

ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో స్ట్రైఫ్ అనే వాలు పొడవు 3,312 మీటర్లు. మొదలుకీ చివరకీ మధ్య ఎత్తు తేడా 860 మీటర్లు. తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తయిన డోలిగుట్ట సముద్ర మట్టం నుంచి కొలిచినా 965 మీటర్లే! 1997లో ఫ్రిట్జ్ స్ట్రోబుల్ ఈ వాలును 1 నిమిషం 51.58 సెకన్లలో దిగాడు. సగటున గంటకు 107 కిలోమీటర్లు. ఆ లెక్కన సెకనులో వందో వంతుకు 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు. 2014 సోచి ఒలింపిక్స్ మహిళల డౌన్‌హిల్‌లో ఆ అడుగు తేడా కూడా తేలలేదు. డొమినిక్ గిసిన్, టీనా మాజే ఇద్దరిదీ 1:41.57. ఇద్దరికీ స్వర్ణమే ఇచ్చారు.

ప్రపంచ జూనియర్ స్కీ పోటీల్లో దిగేది 16 నుంచి 20 ఏళ్ల పిల్లలు. వేగం రెట్టింపైతే, పడినప్పుడు ఒంటికి తగిలే శక్తి నాలుగు రెట్లు. వందో వంతు కన్నా ముందు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన లెక్క ఇదే అంటాను. 2024 అక్టోబరులో ఇటలీకి చెందిన మటిల్డే లోరెంజీ (19), 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌కు చెందిన మార్గో సిమోన్ (18) శిక్షణలోనే ప్రమాదానికి గురై చనిపోయారు. ప్రపంచ కప్ డౌన్‌హిల్‌లో సూటు లోపల ఎయిర్‌బ్యాగ్‌ను 2024-25 సీజన్ నుంచి తప్పనిసరి చేశారు. మనిషి అదుపు తప్పాడని సెన్సర్ పసిగట్టగానే అది ఉబ్బి ఛాతీని, వీపును కాస్తుంది. మోకాళ్లకు ఆ రక్షణ లేదు.

మన దేశం నుంచి మొదట వింటర్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జెరెమీ బుజకోవ్‌స్కీ 1964లో దిగింది డౌన్‌హిల్‌లోనే, పూర్తి చేయలేకపోయాడు. 2022 బీజింగ్‌కు వెళ్లిన గుల్మార్గ్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ మాత్రం మెలికలు తిరుగుతూ దిగే స్లాలోమ్, జెయింట్ స్లాలోమ్‌లలో పోటీపడ్డాడు.

మంచు లేని వరంగల్‌కు ఈ వందో వంతు బాగా తెలిసింది పరుగు పందెంలో. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్న పారా అథ్లెట్ల విభాగం) పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ వేగంలో వందో వంతంటే ఏడు సెంటీమీటర్లు, బెత్తెడంత. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ నాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఫైనల్లో ఉక్రెయిన్ యులియా షూలియార్ 55.16, టర్కీ ఐసెల్ ఓండర్ 55.23, దీప్తి 55.82. స్వర్ణానికీ రజతానికీ మధ్య మూరకు కాస్త ఎక్కువ. స్వర్ణానికీ దీప్తి కాంస్యానికీ మధ్య 0.66 సెకన్లు, దాదాపు ఐదు మీటర్లు. కోబే రికార్డును అదే పారిస్‌లో, హీట్స్‌లోనే, ఓండర్ 54.96తో చెరిపేసింది. తేడా 0.11 సెకన్లు. కొలిస్తే గజానికి కాస్త తక్కువ.