పేరు ఎన్నిసార్లు రాయాలి?

మీ బడి సైన్సు క్లబ్బుకు మీరే కార్యదర్శి అనుకోండి. సభ్యులు 40 మంది. పేరు, తరగతి, ఫోను నెంబరు, కట్టిన చందా – అన్నీ కంప్యూటరులో స్ప్రెడ్‌షీట్ గడుల్లో నింపేశారు. చందాలు కూడమంటే అది క్షణంలో కూడిపెడుతుంది. కూడదూ మరి! అది పుట్టిందే లెక్కల కోసం. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ చేసిన ‘విసికాల్క్’లో ఒక గడిలో అంకె మారిస్తే, దానిమీద ఆధారపడిన మొత్తాలన్నీ వాటంతటవే మారేవి. 40 మంది జాబితాకు ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ క్లబ్బు పుస్తకాలు ఇంటికివ్వడం మొదలుపెట్టింది. రమ ఐదు పుస్తకాలు తీసుకుంది. అయిదు వరుసల్లోనూ ఆమె పేరు, ఫోను నెంబరు రాశారు. తర్వాత వాళ్ళ నెంబరు మారింది. మీరు నాలుగుచోట్ల దిద్ది, ఒకచోట మరిచిపోయారు. ఏది సరైన నెంబరు? పైగా ఒకచోట ‘రమ’, మరోచోట ‘కె. రమ’. ఇద్దరూ ఒకరేనని మీకు తెలుసు. కంప్యూటరుకు మాత్రం ఇద్దరే!

ఇక్కడే డేటాబేస్ పనికొస్తుంది. అందులో మూడు పట్టికలు పెడతాం: సభ్యులది ఒకటి, పుస్తకాలది ఒకటి, ఇచ్చిన పుస్తకాల చిట్టా ఒకటి. చిట్టాలో పేర్లే ఉండవు. ‘సభ్యురాలు 17, పుస్తకం 203, తేదీ’ – అంతే. హాజరుపట్టీలో మీ నెంబరు లాంటిదే ఈ 17. రమ ఫోను నెంబరు సభ్యుల పట్టికలో ఒక్కచోటే ఉంటుంది, ఒక్కచోట దిద్దితే చాలు. లేని సభ్యుడి నెంబరు వేస్తే ఒప్పుకోవద్దని ముందే చెప్పిపెట్టవచ్చు కూడా. పట్టికలను ఇలా కలిపే పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించాడు.

పెద్దవాళ్ళూ ఈ ఎంపికలో పొరబడ్డారు. 2020లో ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను పాతరకం ఎక్సెల్ ఫైళ్ళలోకి ఎక్కించారు. ఆ రకం ఫైలులో పట్టేది 65,536 వరుసలే. మిగిలినవి చెప్పాపెట్టకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. ఆ రోగులతో మెలిగినవారిని వెతికే పని ఆలస్యమైంది. ఇది స్ప్రెడ్‌షీట్ తప్పని నేననను. దానిది కాని పని దానికి అప్పగించారు.

అలాగని డేటాబేస్ తేలిక కాదు. ఏ పట్టికలో ఏముండాలో ముందే ఆలోచించాలి. అది తయారుచేసినవారు పదోతరగతి ముగించి వెళ్ళిపోతే తర్వాతి కార్యదర్శి తల పట్టుకోవలసిందే! అందుచేత పట్టికల బొమ్మ ఒక కాగితం మీద గీసి, బీరువాలో ఉంచండి.

లిబ్రెఆఫీస్‌లో ‘కాల్క్’ స్ప్రెడ్‌షీట్, ‘బేస్’ డేటాబేస్, రెండూ ఉచితమే. తొందరపడకండి. ముందు మీ క్లబ్బు పాత రిజిస్టరు తీసి, ఒకే పేరు ఎన్నిచోట్ల రాసి ఉందో లెక్కపెట్టండి.