ఎక్కే రేవు, దిగే రేవు

సెలవులు రాగానే మా కల్లూరు ప్రాంతపు కుటుంబములు భద్రాచలము దాటి, పోచవరము రేవులో పాపికొండల బోటు ఎక్కుట మాకందరికి తెలిసినదే. టిక్కెట్టు, భోజనము, ఫోటోలు, అన్నీ విచారించుకొందుము. నీటి సంగతి మాత్రము అడుగము. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గోదావరి అన్నిచోట్ల ఒకే తీరుగా పారదు. భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము వద్ద నది అడుగున బండలు లేచి, నీరు నురగలు కక్కుచు దూకును. ఇంకా పైన ఇటువంటి అడ్డులు మరి రెండు కలవు. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు నాగపూరు, బేరారు ప్రాంతముల ప్రత్తిని పడవలపై సముద్రమునకు చేర్చవలెనని తలంచినప్పుడు ఈ బండలే అడ్డు వచ్చినవి. ఇంజనీరు హేగ్ దొరగారు, ఆయన తోటివారు ఆ దూకే నీటిలో పడవను నడిపింప చూడలేదు. ఆనకట్ట కట్టి, ఒడ్డు వెంట కాలువ త్రవ్వి, లాకులు పెట్టిరి. పడవ బండలకు పైనే కాలువలోనికి మళ్లును. లాకు తలుపులు మూసి నీరు తగ్గించగా మెట్టు దిగినట్లు దిగి, బండలు దాటిన తరువాత తిరిగి నదిలో చేరును. 1867లో నాగపూరుకు రైలు వచ్చెను. 1871లో ఈ పనులు నిలిపివేయబడెను. హేగ్ గారు అక్కడ కోయ సోదరుల మధ్య ప్రారంభించిన సువార్త పని మాత్రము ఆయన తరువాత కూడ సాగినది.

ఎక్కక ముందే ఎక్కడ దిగవలెనో, మధ్యలో ఏమున్నదో చూచుకొనుటే ఆ పెద్దల తెలివి.

2019 సెప్టెంబరు 15న వరద సమయములో గండి పోచమ్మ రేవు నుండి బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద మునిగినది. 77 మందిలో 26 మందే బ్రతికి బయటపడిరి. కొండల మధ్య ఇరుకైన చోట వరద నీరు సుడులు తిరుగును. అక్కడ ఈత వచ్చినవానికైనను ఒడ్డు దొరకుట కష్టము.

కనుక తల్లిదండ్రులారా, బయలుదేరు ముందు భద్రాచలము వద్ద నీటిమట్టము అడుగుడి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినది. హెచ్చరిక ఉన్నచో ప్రయాణము మానుకొనుడి. ఒడ్డున ఉండగనే పిల్లలకు లైఫ్ జాకెట్ తొడిగి, త్రాళ్లు బిగించుడి. బోటులో జనము క్రిక్కిరిసి యున్నచో దిగిపొండి, డబ్బు పోయినను సరే. మన ఊరి వాగుకైనను ఇదే మాట. ఎర్రనీరు వడిగా పారుచున్నప్పుడు మోకాటి లోతే గదా అని దిగవద్దు.

పాపికొండలు వచ్చే నెల కూడ అక్కడే ఉండును. మీ బిడ్డలతో అప్పుడు చూడవచ్చును.