దస్కత్తు చెప్పిన కథ

ఇటీవల అంతర్జాలంలో వెదకుచుండగా నాకొక నిధి లభించినది. షికాగో విశ్వవిద్యాలయంవారు దక్షిణాసియా నిఘంటువులను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచినారు. అందులో బ్రౌన్ తెలుగు నిఘంటువు (1903 ముద్రణ), ప్లాట్స్ ఉర్దూ నిఘంటువు (1884) ఒకేచోట ఉన్నవి. మనం రెండు వేరు గదులలో బోధించే భాషలు అక్కడ ఒకే అలమారలో ఇరుగుపొరుగులైనవి!

రెండింటినీ పక్కపక్కనే తెరచి చూచితిని. పారసీకంలో ‘దస్త్’ అనగా చేయి. ‘ఖత్’ అనగా వ్రాత. ఆ రెండూ కలిసి మన ‘దస్కత్తు’. ‘రూ’ అనగా ముఖం. ‘మాల్’ అనగా తుడుచునది. అదే మన రుమాలు. అయితే పోలిక కనబడినంత మాత్రాన అర్థం ఒకటే అనుకొనరాదు. ఉర్దూలో ‘దస్తూర్’ అనగా ఆచారం, రాజ్యాంగం. తెలుగులో ‘దస్తూరి’ చేతివ్రాత. మాట ఇల్లు మారినపుడు అర్థమునూ మార్చుకొన్నది.

కనుక అంతర్జాలంలో కనబడిన ప్రతి వ్యుత్పత్తినీ నమ్మక, నిఘంటువుతో సరిచూచుకొనుట విద్యార్థి ధర్మం.

“తెలుగు మాది కాద”ని ఒకరు, “ఉర్దూ పరాయిద”ని మరొకరు అనుట తరగతిలో విన్నాను. విద్యార్థులారా! హాల్ టికెట్టుపై దస్కత్తు చేయనివారు మీలో ఎవరు?