సరుకుకు తగిన సంచి

పావగడ తాలూకాలో వెంకటమ్మనహళ్లి వంటి ఊళ్లకు వేరుశనగ ముఖ్యమైన పంట. ఆ కాయలతో చిన్న వ్యాపారం పెట్టదలచినవారు సరుకును దేనిలో నింపాలో ముందే ఆలోచించుకోవాలి.

కాయలకు గోనెసంచి మేలు. గాలి ఆడుతుంది, చిరిగితే కుట్టుకోవచ్చు, చివరకు మట్టిలో కలుస్తుంది. అయితే తేమ 8 శాతానికి దిగేలా ఎండబెట్టకపోతే గోనెలోనూ బూజు పడుతుంది. ఆ బూజువల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. ఎరువులు, పురుగుమందులు పోసిన సంచులు తిండిగింజలకు వాడకండి.

వేయించిన పప్పు, బెల్లం చిక్కీల సంగతి వేరు. గాలి తగిలితే పప్పు ముక్కిపోతుంది, బెల్లం చెమ్మగిల్లుతుంది. ఊళ్లో ఆ రోజే అమ్ముడుపోయే సరుకుకు శుభ్రమైన కాగితపు పొట్లం చాలు. దూరం పంపేదానికి తేమ చొరని కవరు తప్పదు. సరుకు పాడైతే పంటకు పెట్టిన నీరూ, కష్టమూ వృథాయే కదా! అప్పుడు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసినది ఎంచుకోండి, కరిగించి మళ్లీ వాడవచ్చు. లోపల వెండిరంగు పొర అతికించిన కవరుకు ఆ వీలు తక్కువ.

పాత వార్తాపత్రికల్లో మాత్రం తినుబండారాలు కట్టకండి. సిరా అంటుతుంది. 2018 నాటి ఆహార ప్యాకింగ్ నిబంధనలు దానిని నిషేధించాయి. మట్టిలో కలుస్తాయని చెప్పి అమ్మే ప్లాస్టిక్ కవర్లలో చాలావాటికి పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే వేడి కావాలి. పెరటి దిబ్బలో అవి అలాగే పడివుంటాయి.

కాబట్టి కొనేముందు మూడు మాటలు అడగండి. సరుకును ఎన్నాళ్లు కాపాడుతుంది? మళ్లీ వాడవచ్చా? వాడాక మన ఊళ్లో ఎక్కడికి చేరుతుంది? ధర ఆ తర్వాత అడగవచ్చు.