అలక కాదు... హద్దుల తగాదా!

నిన్నటిదాకా ఒళ్లో కూర్చుని గుర్రుగుర్రుమన్న పిల్లి, ఇంట్లోకి కొత్త మనిషి రాగానే మారిపోతుంది. పక్కమీద పాడుచేస్తుంది. చెయ్యి చాపితే గీరుతుంది. 'అసూయ' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. పిల్లి లెక్క మాత్రం వేరే!

పెళ్లికి ముందు ఆ పిల్లి ఆమెదే. వానలో తడుస్తున్న కూనను పైటచాటున పెట్టుకుని తెచ్చింది. పాలు పట్టింది. రాత్రిళ్లు కాళ్లదగ్గర పడుకోబెట్టుకుంది. తర్వాత పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయింది. ఏడాదిన్నరకి పురిటికి పుట్టింటికొచ్చింది. ఆసుపత్రి నుంచి పసివాడితో ఇల్లు చేరిన మూడోరోజు... మడతపెట్టి మంచంమీద ఉంచిన పొత్తిగుడ్డల మీద పిల్లి మూత్రం పోసింది. ఉతికి ఆరేసి మళ్లీ పెట్టారు. మళ్లీ అదే పని! ఐదోరోజు ఉయ్యాల కిందికి చేరి, తరమబోయిన అమ్మమ్మ చెయ్యి గీరేసింది.

'పసివాణ్ని చూసి ఓర్వలేకపోతోంది. రేపు బిడ్డమీదే పడితే?' అంది అమ్మమ్మ. సాయంత్రానికల్లా గోనెసంచి సిద్ధమైంది... పిల్లిని ఊరవతల వదిలేసి రావడానికి.

ఊరూ పేరూ మారొచ్చుగానీ పిల్లిని పెంచుకునే ఇళ్లలో ఈ దృశ్యం కొత్తేమీ కాదు. వచ్చింది బిడ్డే కానక్కర్లేదు. కొత్త కోడలు కావచ్చు, సెలవులకొచ్చిన మనవళ్లు కావచ్చు, మరో పిల్లికూన కావచ్చు. అమ్మమ్మ భయంలో అర్థముంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు కదా! కానీ గోనెసంచి మూతి కట్టేముందు ఆ పిల్లి ఎందుకలా చేసిందో తెలుసుకోవాల్సిందే.

అసూయేనా?

2014లో అమెరికాలోని శాండియాగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 కుక్కల మీద ఓ ప్రయోగం చేశారు. యజమాని తన కుక్క కళ్లెదుటే ఒక బొమ్మకుక్కను ముద్దుచేయాలి. అంతే... చాలా కుక్కలు యజమానిని ముట్టెతో తోశాయి. కొన్ని మధ్యలోకి దూరిపోయాయి. అచ్చం చెల్లెల్ని ఎత్తుకుంటే ఉడుక్కునే అన్నయ్యలా!

పిల్లుల్లో అసూయ ఉందని ఇంత స్పష్టంగా తేలలేదు. అలాగని వాటికి మనుషులంటే ప్రేమ లేదనుకుంటే పొరపాటే. 2019లో ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లికూనల్ని యజమానులతో కొత్త గదిలో ఉంచి, కాసేపు యజమానిని బయటికి పంపి, మళ్లీ రమ్మన్నారు. దాదాపు 64 శాతం కూనలు యజమాని రాగానే కుదుటపడ్డాయి. ధైర్యంగా గదంతా చూడటం మొదలుపెట్టాయి. తల్లి కనపడగానే ఊరట చెందే పసిపిల్లల తీరూ ఇంచుమించు ఇదే. 'కుక్కకు మనుషులు కావాలి, పిల్లికి ఇల్లు కావాలి' అనే మాట సగమే నిజమన్నమాట. పిల్లికి రెండూ కావాలి. ఆ రెండూ ఒక్కసారే చేజారిపోతున్నట్టనిపిస్తే దానికి కాలు నిలవదు!

వాసనే పాసుపుస్తకం

మన ఇళ్లలో తిరిగే పిల్లికి పూర్వీకురాలు ఆఫ్రికా అడవిపిల్లి. 2007లో వెలువడిన జన్యు పరిశోధన ఈ సంగతి తేల్చింది. పశ్చిమాసియాలో సేద్యం మొదలయ్యాక ధాన్యం కొట్లలో ఎలుకలు చేరాయి. వాటికోసం పిల్లులూ వచ్చాయి. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్లనాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చారు. అంత పాత స్నేహం ఇది.

ఇన్నివేల ఏళ్లయినా అడవిపిల్లి అలవాటొకటి దీన్ని వదల్లేదు. అది ఒంటరి వేటగత్తె. పోట్లాటలో కాలికి గాయమైతే వేట లేదు. వేట లేకపోతే పస్తే. అందుకే కొట్లాటదాకా రానివ్వకుండా 'ఇది నా జాగా' అని ముందే హద్దురాళ్లు పాతుకుంటుంది. ఆ రాళ్లు మన కంటికి కనపడవు. ఎందుకంటే అవి వాసనలు!

పిల్లి బుగ్గలమీద, గడ్డంకింద, నుదుటిమీద, తోక మొదట్లో, పంజాల మధ్య వాసన గ్రంథులుంటాయి. మీ కాలికి తల రుద్దుతోందంటే ముద్దుచేస్తోందనే కాదు, 'ఈ మనిషి నావాడు' అని ముద్ర వేస్తోందని కూడా. సోఫా గీరితే గోళ్లు పదునవుతాయి, పంజా వాసనా అంటుకుంటుంది. ఇల్లంతా ఇలాంటి ముద్రలుంటేనే దానికి నిశ్చింత. ఒకరకంగా అది దాని పట్టాదారు పాసుపుస్తకం.

ఇప్పుడు బాలింత ఉన్న ఇంటిని పిల్లి ముక్కుతో చూడండి. రెండుపూటలా సాంబ్రాణి పొగ. నలుగుపిండి, ఆముదం, బేబీ పౌడరు. ఆసుపత్రి వాసన మోసుకొచ్చిన బట్టలు. చూడ్డానికి వచ్చిపోయే చుట్టాలు. ఏళ్లతరబడి పడుకున్న గది తలుపు మూసేశారు. మంచం మారింది. తనను పెంచిన మనిషి వచ్చిందిగానీ ఆమె ఒంటి వాసన కూడా మారిపోయింది! రాత్రికిరాత్రే హద్దురాళ్లన్నీ ఎవరో పీకేసినట్టే. పిల్లి ఏం చేస్తుంది? వాసన బాగా మారిపోయిన చోటే మళ్లీ తన ముద్ర వేస్తుంది. పొత్తిగుడ్డల మీద చేసింది అదే కావచ్చు. పగ కాదు... భయం.

సంక్రాంతికి బూజు దులిపి, గోడలకి సున్నం వేయించగానే కొన్ని పిల్లులు మూలల్లో మూత్రం చిమ్మడానికీ ఇదే కారణం. మనకది పండగ శుభ్రత. దానికి మాత్రం రికార్డులన్నీ చెరిపేసిన ఆఫీసు!

ముందు డాక్టరు దగ్గరికి

అయితే ప్రతి తడీ హద్దు గుర్తే అనుకోకూడదు. తోక నిటారుగా లేపి, వణికిస్తూ, గోడకో తలుపుకో కొంచెంగా చిమ్మితే అది హద్దు గుర్తు. కూర్చుని పోస్తే మూత్రాశయంలో మంట ఉండొచ్చు. చిత్రమేమిటంటే, ఎలాంటి క్రిమీ సోకకుండా దిగులువల్లే పిల్లి మూత్రాశయం వాచిపోతుంది. కాబట్టి తిట్టేముందు పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.

ముఖ్యంగా మగపిల్లి పదేపదే కూర్చుంటున్నా చుక్క రాకపోతే, అరుస్తుంటే ఒక్కపూట కూడా ఆగొద్దు. మూత్రనాళం మూసుకుపోతే రెండుమూడు రోజుల్లో ప్రాణమే పోవచ్చు.

పిల్లికి ఆపరేషన్ చేయించకపోతే అదీ అడగండి. ఆపరేషన్ తర్వాత పది మగపిల్లుల్లో దాదాపు తొమ్మిది చిమ్మడం మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి.

గదిలోపెట్టి కొడితే...

'పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులవుతుంది' అని పెద్దలు ఊరికే అనలేదు. తడిచేసిన చోటికి ఈడ్చుకెళ్లి మూతి రుద్దినా, చీపురు తిరగేసినా పిల్లికి పాఠం అర్థంకాదు. అర్థమయ్యేది ఒక్కటే... 'ఇంట్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది' అని. దాంతో భయం రెట్టింపు, తడీ రెట్టింపు.

ఒక్కోసారి గొడవ ఇంట్లోది కానేకాదు. వంటింటి కిటికీలోంచి వీధి గండుపిల్లి కనపడుతుంది. దానిమీదికి దూకలేని ఉక్రోషంలో పక్కనున్న మనిషిని గీరేస్తుంది. అత్తమీద కోపం దుత్తమీద చూపించినట్టు! అలాంటప్పుడు ఎత్తుకుని సముదాయించబోవద్దు. కిటికీ మూసి, దాన్ని కాసేపు ఒంటరిగా వదిలేస్తే అదే చల్లబడుతుంది.

హద్దులు తిరిగిచ్చేదిలా...

ముందు దానికో మూల ఇవ్వండి. బీరువాపైనో అలమర పైఅరలోనో పాత దుప్పటి పరిస్తే చాలు. ఎత్తునుంచి అందర్నీ చూడగలిగితే పిల్లికి ధైర్యం. ఆ దుప్పటిని రోజూ ఉతికేయొద్దు. దానిమీదున్నది మురికి కాదు, దాని ముద్ర. తిండిగిన్నె, నీళ్లు, ఇసుక ట్రే దూరదూరంగా ఉంచాలి. పిల్లులెన్నో ట్రేలు అంతకంటే ఒకటి ఎక్కువ ఉండాలి.

తడిచేసిన చోట ఫినాయిల్ పోయడం మన అలవాటు. ఫినాయిల్ లాంటివాటిలోని రసాయనాల్ని పిల్లి కాలేయం సరిగా అరిగించుకోలేదు. కాళ్లకంటినది నాకితే విషమే. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కడిగితే మరో చిక్కు. మూత్రం వాసనలాగే ఉండి 'మళ్లీ ఇక్కడే' అని పిలుస్తాయి. ఎంజైములున్న బట్టల పొడి కలిపిన నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే మేలు.

కొత్త వాసనను మెల్లగా పరిచయం చేయండి. బిడ్డను ఇంటికి తెచ్చే ముందురోజే బిడ్డకు చుట్టిన గుడ్డ ఒకటి ఆసుపత్రి నుంచి పంపి, పిల్లి తినేచోటికి కొంచెం దూరంలో ఉంచండి. మెత్తటి బట్టతో పిల్లి బుగ్గలు నిమిరి, ఆ బట్టను గుమ్మాలకీ కుర్చీకాళ్లకీ రుద్దండి. పోయిన హద్దురాళ్లు మళ్లీ పాతినట్టే. వీటన్నిటికంటే ముఖ్యం... రోజూ ఒకే వేళకి ఓ పదినిమిషాలు దానికే కేటాయించడం. వీలైతే బిడ్డ పక్కనున్నప్పుడే. 'ఈ పసివాడు వస్తే నాకు చేపముక్క వస్తుంది' అని పిల్లి లెక్క వేసుకోవాలి!

బిడ్డ ఉన్న ఇంట్లో...

* పిల్లినీ పసిబిడ్డనీ ఒకే గదిలో ఒంటరిగా వదలొద్దు. బిడ్డ నిద్రపోయే గది తలుపు మూసే ఉంచాలి.

* ఎవర్ని గీరినా, కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెంపుడు పిల్లే కదా అని ఊరుకోవద్దు. పిల్లికి ఏటా రేబిస్ టీకా తప్పనిసరి.

* గర్భిణులు ఇసుక ట్రే ముట్టుకోకపోవడమే మంచిది. ఇంకొకరు రోజూ శుభ్రం చేయాలి. టాక్సోప్లాస్మా క్రిమి అంటువ్యాధిగా మారడానికి ఒకరోజైనా పడుతుంది. ఏరోజుకారోజు తీసేస్తే ముప్పు బాగా తగ్గుతుంది.

* ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే పిల్లి విషయం డాక్టరుకు చెప్పాలి.

ఇంతకీ ఊరవతల వదిలేస్తే ఏమవుతుంది? అక్కడ అడుగడుగునా వేరే పిల్లుల హద్దులు. తనదంటూ వాసన లేని చోట, తిండి దొరికే దారి తెలియక, కనపడిన ప్రతిదానితో పోట్లాడాలి. హద్దులు పోయాయన్న భయంతో పొత్తిగుడ్డలు తడిపిన పిల్లికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

అమ్మమ్మ గాయం కడుక్కుని సూది వేయించుకోవాలి. పిల్లిని డాక్టరుకి చూపించాలి. బీరువామీద ఓ పాత చీర పరవాలి. రోజూ ఓ పదినిమిషాలు ఆ అమ్మాయి ఒకచేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండోచేత్తో తన పాత నేస్తం తల నిమరాలి. కొన్ని వారాలు ఓపిక పడితే చాలా ఇళ్లలో గోనెసంచి మళ్లీ అటకెక్కుతుంది!