బ్రేకు ద్రవము – సముద్రపు తేమ

విశాఖ సముద్రపు గాలికి ఇనుము త్రుప్పుపట్టుట శ్రోతలందఱకును తెలిసినదే. ఆ గాలిలోని తేమను కారు బ్రేకు ద్రవము కూడ మెల్లమెల్లగా పీల్చుకొనును. డాట్ 4 రకపు క్రొత్త ద్రవము 230 డిగ్రీల సెంటీగ్రేడు లోపున మరుగరాదని నియమము. నూటికి సుమారు 3.7 పాళ్లు నీరు చేరిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును.

ఊరిలో ఈ భేదము తోపదు. చెన్నై చేరువ ఇరుంగాట్టుకోట్టైలో 1990లో వెలసిన పందెపు బాటవంటి చోట కారు నడుపగోరువారికి మాత్రము ఇది ప్రాణముతోడి పని. అచట ప్రతి మలుపునకు ముందు తగ్గించిన వేగమంతయు బ్రేకులలో వేడిమిగా మాఱును. ద్రవము మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కినను కుదియదు, ఆవిరి కుదియును. అంతట పెడలు అడుగంటును, బండి ఆగదు.

కావున బయలుదేరుటకు ముందే సీలు విప్పని డబ్బాలోని ద్రవము నింపించి, గొట్టములలోని గాలిని వెడలింపవలెను. అరిగిన ప్యాడ్లను మార్పించి, క్రొత్తవానిని మొదట మితవేగమున డిస్కులకు ఒదుగునట్లు చేయవలెను. తుది చుట్టు బ్రేకు వాడక మెల్లగా త్రిప్పి చల్లార్పవలెను. ఆగిన వెంటనే హ్యాండుబ్రేకు లాగరాదు. గేరులో నిలిపి, చక్రములకు అడ్డు పెట్టవలెను.

అరకునుండి కనుమ దిగు కుటుంబములకును సూత్రమొక్కటే: తక్కువ గేరులో దిగవలెను, ఏటేట ద్రవమును పరీక్ష చేయింపవలెను.